వేపపుల్లలో పురుగు

సీతమ్మధార, విశాఖపట్నం
12 జూలై 1981

తాయారక్కా,

నమస్కారం. ఇక్కడ అందరం బాగున్నాం. మిగతా కుశలప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. నా వేపమొక్కలు నా ఛాతీ దాకా వచ్చేశాయి!

నిరుడు మా హౌసింగ్ సొసైటీ వాళ్ళు నన్ను చెట్ల కార్యదర్శిగా ఎన్నుకున్నప్పుడు నువ్వు ఎంత నవ్వావో నాకు గుర్తుంది. "రేవులో కూర్చుని ఓడల పేర్లు రాసుకునే గుమాస్తావి, నీకు చెట్లేమిటిరా" అన్నావు. పెద్దమ్మ కూతురివి కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు వచ్చి చూడు. గేటు దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకు దాకా రోడ్డుకి రెండు వైపులా మూడువందల మొక్కలు. నాలుగే చచ్చాయి. మిగతావన్నీ సముద్రపు గాలికి ఒక్కసారే ఊగుతుంటే నాకు ఈ వయసులో ఈల వెయ్యాలనిపిస్తోంది. మా ప్రెసిడెంటు గురునాథరావు గారు రిటైరైన ఇంజినీరు, ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఆయన మొన్న నా భుజం తట్టి, "ఇంకో మూడేళ్ళకి ఈ రోడ్డు మీద గొడుగు లేకుండా నడుస్తామయ్యా" అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

ఘనతంతా నాదే అనను. తోటమాలి జగ్గయ్య అని ఉన్నాడు, భీమిలి దగ్గర పల్లెటూరివాడు. గేటు పక్కన సొసైటీ ఇచ్చిన ఒంటిగదిలో భార్య సన్యాసమ్మతో ఉంటాడు. వేసవిలో ట్యాంకు ఎండిపోతే బావి నుంచి కావడితో మోసి పోశాడు. "నీలు నేకపోతే మొక్క అడగనేదు బాబూ, మనవే సూసుకోవాల" అంటాడు. సన్యాసమ్మ ద్వారకా నగర్‌లో బస్సులు ఆగే చోట పందుంపుల్లలు అమ్ముతుంది. రుషికొండ వైపు పెద్ద వేపచెట్ల దగ్గరకి వెళ్ళి కోసుకొస్తుంది. రోజూ నేను ఆఫీసు బస్సు ఎక్కేముందు ఒక పుల్ల ఏరి, "మర్నాటికి బాబూ" అని నా చేతిలో పెడుతుంది. నీ మరదలు నాగమణి పేస్టుతో పళ్ళు తోముకుంటుంది గానీ నాకు ఆ పుల్లే అలవాటైపోయింది.

బావగారికి నమస్కారాలు. మీ బళ్ళో వానకి గది కారడం ఆగిందా?

నీ తమ్ముడు,
భీమశంకరం


నిడదవోలు
19 జూలై 1981

ఒరే శంకరం,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. "మీ తమ్ముడు మొక్కలు నాటాడా, మూడువందల మంది పిల్లల్ని కన్నాడా" అన్నారు. నవ్వాంలే. కానీ నిజం చెప్తున్నా, సంతోషమేసింది. చిన్నప్పుడు తాతయ్య పెట్టిన బంతిమొక్క వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూసినవాడివి నువ్వు.

బళ్ళో సైన్సు చెప్పే అక్కగా ఒక్క మాట. రోడ్డు మీద నిలబడి మొక్కని చూస్తే అన్నీ పచ్చగానే ఉంటాయి. దగ్గరికెళ్ళి వంగి చూడు. నీకు నడుము వంచడం మొదటి నుంచీ బద్ధకం.

గది ఇంకా కారుతూనే ఉంది. పిల్లల్ని అటు మూల నుంచి ఇటు మూలకి జరిపి పాఠం చెప్తున్నాను.

నీ అక్క,
తాయారు


సీతమ్మధార, విశాఖపట్నం
16 ఆగస్టు 1981

తాయారక్కా,

దిష్టి తగిలింది. ఇంకే మాటా దొరకడం లేదు.

పది రోజుల కింద ఒకటి రెండు మొక్కల తలలు వాలిపోయాయి. తర్వాత ఇరవై. ఇప్పుడు వందకి పైన. చివర చిగురు నల్లబడి, ఎండి, ముట్టుకుంటే ఊడి వస్తోంది. మొక్క చావడం లేదు, తల మాత్రం పోతోంది. రోడ్డంతా బోడిగుండ్లు నిలబెట్టినట్టుంది. పదిహేనో తారీకు జెండా పండక్కి వచ్చినవాళ్ళు నన్నే చూశారు, జెండాని కాదు. గురునాథరావు గారు భుజం తట్టలేదు సరికదా, నావైపు తిరగనే లేదు.

ఇది సన్యాసమ్మ పని అని కాలనీలో అనుకుంటున్నారు. పందుంపుల్లల కోసం రుషికొండ దాకా పోవడం ఎందుకు, గది బయటే మూడువందల మొక్కలుండగా, అని. చిగుళ్ళు కత్తితో కోసిన గుర్తులున్నాయని, కోసినచోట మిగిలింది ఎండిపోతోందని కమిటీకి ఒక రిపోర్టు కూడా వెళ్ళింది. జగ్గయ్యకి నోటీసు ఇచ్చారు. అక్టోబరు నాలుగు, ఆదివారం సర్వసభ్య సమావేశంలో తేలుస్తారు. తప్పు రుజువైతే ఉద్యోగమూ పోతుంది, గదీ పోతుంది. నోటీసు మీద వేలిముద్ర వేస్తూ జగ్గయ్య ఒకటే మాట అన్నాడు. "నాను తుంచనేదు బాబూ. మా ఆడదీ తుంచనేదు. పెంచినోల్లం తుంచుతామేటి?"

మనసు బాగా లేదు. మొక్కలకి ఏమైనా మందుంటే రాయి.

నీ తమ్ముడు,
శంకరం


నిడదవోలు
22 ఆగస్టు 1981

శంకరానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ మీద జాలేసింది. రెండోసారి కోపం వచ్చింది.

తాతయ్య అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకునేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని నువ్వూ నమిలేవాడివి కదా. పందుంపుల్ల ఎంత లావుండాలి? చిటికెనవేలంత. ముదురు కొమ్మ కావాలి. కొరికితే కుంచెలా విచ్చుకోవాలి. కొన చిగురు నమిలితే ఏం వస్తుంది, ఆకుపసరు తప్ప? ఆ పుల్లలమ్ముకుని బతికే మనిషికి ఆమాత్రం తెలియదా? మీ కాలనీలో పేస్టువాళ్ళకి తెలియకపోవచ్చు. నీకేమైంది?

రేపు పొద్దున్నే ఒక బ్లేడు తీసుకో. వాడిపోయి ఇంకా పూర్తిగా ఎండని చిగురు ఒకటి కోసి నిలువుగా చీల్చు. లోపల ఏముందో నాకు రాయి. ఏమీ లేకపోయినా రాయి.

ఇంకో సంగతి. రిపోర్టు "వెళ్ళింది" అని రాశావు. రిపోర్టులు కాళ్ళొచ్చి నడిచి వెళ్ళవు. ఎవరు రాశారు?

అక్క


సీతమ్మధార, విశాఖపట్నం
6 సెప్టెంబరు 1981

అక్కా! అక్కా! అక్కా!

ఉంది! లోపల పురుగుంది!

నీ ఉత్తరం వచ్చాక వారం పది రోజులు ధైర్యం చాలలేదు. ఈ ఉదయం జగ్గయ్యని పిలిచి ఇద్దరం ట్యాంకు దగ్గర మొక్క ముందు కూర్చున్నాం. చిగురు కోశాను. కాడ మీద సూది గుచ్చినంత బెజ్జం, దాని చుట్టూ రంపపు పొట్టులాంటి పొడి. బ్లేడుతో చీల్చాను. పుల్ల మధ్యంతా గొట్టంలా బోలు. ఆ గొట్టంలో, మా ఇద్దరి కళ్ళముందే, లేతపసుపు రంగు పురుగు ఒకటి గోధుమరంగు తల ఎత్తి ఇటూ అటూ చూసింది! బియ్యపు గింజంత ఉంటుంది. జగ్గయ్య ఒక్క అరుపు అరిచాడు. "ఓలమ్మో! దొంగనాయాలు ఇంట్లోనే తొంగున్నాడు బాబూ!" తర్వాత గేటు దాకా పరిగెత్తుకెళ్ళి సన్యాసమ్మని పిలుచుకొచ్చాడు. నేను ఆ సమయానికి పక్క వరసలోకి వెళ్ళాను.

ఇరవై చిగుళ్ళు కోశాం. పదిహేడింట్లో పురుగో, పురుగు తిన్న గొట్టమో ఉంది. అరచేతిలో ఒకదాన్ని పెట్టుకుని అలాగే గురునాథరావు గారింటికి పరిగెత్తాను, చెప్పులు కూడా వేసుకోలేదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఎండిన పుల్లలో పురుగు చేరడం వింత కాదు. కోసిన తర్వాత చేరి ఉంటుంది. ఇదే ఎండబెట్టిందని రుజువేమిటి? దీని పేరేమిటి? దీని తల్లెక్కడ?" అన్నారు.  వీటికి జవాబు నీ దగ్గర ఉంటుంది కదూ?

బిస్కట్ల డబ్బాలో తడిగుడ్డ పరిచి నాలుగు పుల్లలు రిజిస్టర్ పార్సిలు చేస్తున్నాను. పోస్టాఫీసులో ఏముందని అడిగితే మందుమొక్క అంటాను.

నీ శంకరం


నిడదవోలు
12 సెప్టెంబరు 1981

శంకరం,

డబ్బా అందింది. నాలుగింట్లో మూడు పురుగులు దారిలో పోయాయి. ఒకటి బతికుంది. పోస్టుమాన్ ముందే మూత తీశాను, అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

నీ ప్రెసిడెంటు కటువుగా అడిగినా సరిగ్గానే అడిగాడు. పురుగు తర్వాత చేరిందా, ముందే చేరిందా అన్నదే అసలు ప్రశ్న. అందుకని ఇలా చేశాను. మా బడి వెనక వేపచెట్టు నుంచి ఏ మచ్చా లేని చిగురు కోసి, నీళ్ళ సీసాలో నిలబెట్టి, దాని మీద పురుగుని వదిలాను. తొమ్మిదో తరగతి పిల్లలంతా చుట్టూ మూగారు. గంటలోపు రెండాకులు దారంతో కుట్టినట్టు దగ్గరికి లాక్కుంది. మధ్యాహ్నానికి కాడలోకి దూరింది. మూడో రోజుకి చిగురు తల వాల్చేసింది! ఏ చెయ్యీ తగల్లేదు, ఏ కత్తీ తగల్లేదు. నా ఇరవై ఏళ్ళ సర్వీసులో పిల్లలు గంట కొట్టినా కదలకపోవడం ఇదే మొదటిసారి.

నువ్వూ అలాగే చెయ్యి. వెడల్పు మూతి సీసా, అడుగున తడి ఇసుక, పైన పల్చటి గుడ్డ. నీడపట్టున పెట్టు. పురుగు గూడులో నిద్రపోయి రెక్కలతో బయటికి వస్తుంది. అప్పుడు తల్లి ఎక్కడని అడిగేవాళ్ళకి తల్లినే చూపించవచ్చు.

నా ప్రశ్నకి జవాబు రాలేదు. రిపోర్టు ఎవరు రాశారు?

అక్క


సీతమ్మధార, విశాఖపట్నం
20 సెప్టెంబరు 1981

అక్కా,

హార్లిక్స్ సీసాలో ఏడు పుల్లలు నిలబెట్టాను. మూతికి నాగమణి పాత వాయిల్ చీర ముక్క కట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా తిరిగి చివరికి స్నానాలగది గోడ మీద పెట్టాను, అక్కడే చల్లగా నీడగా ఉంది. ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకుండా ముందు దాని దగ్గరికే వెళ్తున్నాను. "నన్ను పెళ్ళిచూపులప్పుడు కూడా అంతసేపు చూడలేదు" అంది నాగమణి.

ఐదు పురుగులు గూడు కట్టేశాయి! పుల్ల చివర ఆకు మడతలో సాలెగుడ్డ లాంటిది కప్పుకుని పడుకున్నాయి. జగ్గయ్య రోజూ పెరటి వైపు నుంచి వచ్చి తొంగి చూసి, "లెగిసిందేటి బాబూ?" అని అడిగి వెళ్తున్నాడు. ఇక్కడ ఈ ఏడు పుల్లలే ఆధారం. ఎందుకంటే గాంధీ జయంతికి కాలనీ శుభ్రంగా ఉండాలని గురునాథరావు గారు మొక్కల మీద ఎండిన, వాడిన చిగుళ్ళన్నీ కోయించి మంట పెట్టించారు. ఒక్క పురుగు కూడా మిగల్లేదు.

మా మామగారు సీతారామాంజనేయులు గారు కాకినాడ నుంచి వస్తున్నారు, దసరా దాకా ఉంటారట.

నువ్వడిగింది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

శంకరం


నిడదవోలు
24 సెప్టెంబరు 1981
(కార్డు)

నా పురుగూ గూడు కట్టింది. కలిసినప్పుడు వద్దు. ఇప్పుడే రాయి. ఎవరు రాశారు?

తాయారు


సీతమ్మధార, విశాఖపట్నం
28 సెప్టెంబరు 1981

అక్కా,

అంతా అయిపోయింది.

మా మామగారు నిన్న ఉదయం వచ్చారు. ప్రయాణపు బడలిక, పళ్ళు తోముకుందామని స్నానాలగదికి వెళ్ళారు. గోడ మీద సీసా. సీసాలో నిటారుగా నిలబెట్టిన వేపపుల్లలు. దుమ్ము పడకుండా పైన శుభ్రమైన గుడ్డ. ఆయన కళ్ళు చెమర్చాయట. "ఎంత మర్యాద తెలిసిన అల్లుడు" అనుకున్నారట. గుడ్డ విప్పారు.

మొదటిది నోట్లో పెట్టగానే తుస్సుమని విరిగింది. రెండోదీ అంతే. అల్లుడు ప్రేమగా పెట్టినవి కదా, ఒకటి కాకపోతే ఒకటైనా పనికొస్తుందని ఏడూ అయ్యేదాకా వదల్లేదు. ముక్కలన్నీ వేణ్ణీళ్ళ పొయ్యిలో పారేశారు. నేను లేచి వెళ్ళేసరికి నాగమణి కాగుతున్న నీళ్ళ ముందు కూర్చుని ఉంది, ఆయన పంచె దులుపుకుంటూ, "ఏమోయ్ అల్లుడూ, నీకీ పుల్లలమ్మినవాడెవడో గానీ పెద్ద మోసగాడు. అరవై ఏళ్ళుగా తోముతున్నాను, ఇంత చచ్చు పుల్లలు చూళ్ళేదు. ఒక్కటి పంటికింద నిలిస్తే ఒట్టు" అన్నారు.  ఆ పుల్లల్లో ఏముందో చెప్తే ముందు వాంతి చేసుకున్నారు, తర్వాత నాకంటే ఎక్కువ బాధపడ్డారు. మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

మీటింగుకి ఆరు రోజులుంది. పురుగు లేదు, పుల్ల లేదు, నీ దగ్గరున్న గూడులోది ఆలోపు లేస్తుందో లేదో. జగ్గయ్య వచ్చి పెరట్లో నిలబడి, "లెగిసిందేటి బాబూ?" అనడిగాడు. ఖాళీ సీసా తెచ్చి చూపించాను.

ఇక దాచలేను. ఆ రిపోర్టు రాసింది నేనే.

ప్రెసిడెంటు గారు నన్ను పిలిచి, "చెట్ల కార్యదర్శివి కదా, కారణమేమిటో రాసివ్వు" అన్నారు. నేను రోడ్డు మీద నిలబడి చూశాను. వంగలేదు. కత్తితో కోసిన గుర్తులని రాసింది చూసి కాదు అక్కా, ఎవరో అంటుంటే విని. నా మొక్కలు నా చేతకానితనం వల్ల పోయాయని నలుగురూ అనుకుంటారని భయమేసింది. ఎవరో ఒకరు చేశారంటే నా పరువు నిలుస్తుందనుకున్నాను. లేత చిగురు పందుంపుల్లకి పనికిరాదని సంతకం చేసేటప్పుడే నాకు తెలుసు. అప్పట్నుంచి సన్యాసమ్మ కూర్చునే వైపు కాకుండా రోడ్డుకి అవతలి పక్క నుంచి వెళ్ళి బస్సెక్కుతున్నాను. సిగ్గేస్తోంది. నీకు రాయడానికి కూడా సిగ్గేసింది.

శంకరం


తంతి
నిడదవోలు, 1 అక్టోబరు 1981

ఈ ఉదయం రెక్కలొచ్చాయి. శనివారం దానితో వస్తున్నాను. నీ మామగారిని సీసాకి దూరంగా ఉంచు. తాయారు


సీతమ్మధార, విశాఖపట్నం
5 అక్టోబరు 1981

అక్కా,

ఇల్లు చేరావా? నవరాత్రి దీపం వేళకి అందుకున్నావా? నిన్న నువ్వు పన్నెండున్నర బండికి వెళ్ళిపోయావు, మీటింగు రెండింటిదాకా సాగింది. ఏం జరిగిందో నీకు తప్ప ముందు ఎవరికి చెప్తాను?

నువ్వు గేటు దగ్గర సీసా నా చేతికిచ్చి వరండాలోనే ఉండిపోయావు కదా. నేను సొసైటీ హాల్లోకి వెళ్ళి దాన్ని గురునాథరావు గారి బల్ల మీద పెట్టాను. నారింజరంగు రెక్కలు, వాటి మీద సీసం రంగు గీతలు, మొత్తం కలిపి చిటికెనవేలి గోరంత లేదు. ఇంత పొడుగు బల్ల, ఇంతమంది మనుషులు, అంత చిన్న పురుగు! వెనక వరసలవాళ్ళు కుర్చీలెక్కి చూశారు. నువ్వు రాసిచ్చిన కాగితం చదివాను, ఏ తారీకున మంచి చిగురు మీద వదిలావో, ఎప్పుడు వాలిందో, తొమ్మిదో తరగతి పిల్లల సంతకాలతో సహా. ఆ వాలిన చిగురునీ చూపించాను. 

ఎవరో లేచి, "పురుగు సగం తినుండొచ్చు, సన్యాసమ్మ సగం కోసుండొచ్చు కదా" అన్నారు. అప్పుడు మా మామగారు లేచారు! సభ్యుడు కాదు, పిలవలేదు, అయినా వచ్చి వెనక కూర్చున్నారు. "అయ్యా, నా పేరు సీతారామాంజనేయులు. ఆ మొక్కల పుల్లలు ఏడింటిని నేను స్వయంగా నమిలాను. వాటితో పళ్ళు తోమడం మానవమాత్రుడి వల్ల కాదు. కొన్నవాడు మర్నాడు కొట్టడానికొస్తాడు. అమ్ముకునే మనిషి అవెందుకు కోస్తుంది?" అన్నారు. హాలంతా నవ్వు. గురునాథరావు గారు కూడా చేత్తో మూతి కప్పుకున్నారు.

నవ్వు ఆగాక ఆయన నా రిపోర్టు పైకి తీశారు. "మరి కత్తితో కోసిన గుర్తులని ఇందులో ఉందే? భీమశంకరం, ఇది నీ సంతకమే కదా?" అన్నారు.

అక్కడితో ఊరుకున్నా గెలిచేవాళ్ళమేమో. పొరపాటు పడ్డానంటే సరిపోయేది. కానీ రైలు దిగగానే నువ్వన్న మాట చెవిలో ఉంది, "పురుగు సంగతి నేను చెప్పాను, మనిషి సంగతి నువ్వు చెప్పు" అని. లేచి చెప్పాను. గుర్తులు చూడలేదని, ఒక్క మొక్క ముందూ వంగలేదని, నా పరువు కోసం వాళ్ళ మీదకి తోశానని. జగ్గయ్య తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అతని వైపు తిరిగి తప్పయిందని చేతులు జోడించాను. అతను కంగారుపడి, "అదేటి బాబూ, అదేటి, దింపండి సేతులు" అన్నాడు.

నోటీసు రద్దయింది. ఉద్యోగం, గది అతనివే. నా కార్యదర్శి పదవికి నేనే రాజీనామా ఇచ్చాను. మొక్కల విషయంలో ఇక జగ్గయ్య మాటే ఖాయమని గురునాథరావు గారు తీర్మానం రాయించారు. తమాషా ఏమిటంటే, తల పోయిన మొక్కలు పక్కలకి నాలుగైదు కొమ్మలు వేస్తున్నాయి. "గుబురుగొత్తాయి బాబూ, నీడెక్కువ" అంటున్నాడు జగ్గయ్య.

నీ రెక్కల పురుగుని గురునాథరావు గారు అద్దాల బీరువాలో పెట్టించారు, కింద నీ పేరుతో.

నీ శంకరం


నిడదవోలు
10 అక్టోబరు 1981

ఒరే నా తండ్రీ,

దీపం వేళకి చేరాను. నీ ఉత్తరం చదివి గట్టిగా ఏడ్చాను, మీ బావగారు ఎవరు పోయారని పరిగెత్తుకొచ్చారు. ఎవరూ పోలేదు, మా తమ్ముడు వంగాడని చెప్పాను.

ఇప్పుడు నేను దాచిన సంగతి చెప్తాను. నువ్వు లోపలికెళ్ళాక వరండాలో సన్యాసమ్మ పక్కన కూర్చున్నాను. నేనెవరో ఆవిడకి తెలియదు. ఎవరు రాశారమ్మా మీ మీద అనడిగాను.

"ఆ సెట్ల బాబే రాసేరు. మాకు తెల్దేటి? కాయితం సదవడం రాకపోయినా మొకం సదవడం వచ్చు కదమ్మా. రోజూ నా సేతి పుల్లట్టుకెల్లే మనిసి, ఆ నోటీసు వచ్చిన్నాటి నుంచి అవతలి పక్క నుంచి ఎల్లిపోతన్నారు" అంది.

కోపం రాలేదా అన్నాను.

"ఎందుకు రాదూ? సేనా వచ్చింది. మా ఆయన మూడు దినాలు కూడు తిన్నేదు. అయినా పొద్దున్నే కట్ట ఇప్పేసరికి సెయ్యి ఊరుకోదు, ఆ బాబుకని ఒక పుల్ల ఏరి పక్కనెడతన్నాను. సాయంత్రానికి పారేత్తన్నాను."

శంకరం, ఆగస్టు నుంచి ప్రతి రోజూ అట.  నువ్వు హాల్లో నలుగురి ముందు చెప్పడం మంచిదే. ఆవిడ హాల్లో లేదు.

అక్క


సీతమ్మధార, విశాఖపట్నం
18 అక్టోబరు 1981

అక్కా,

నీ ఉత్తరం అందాక రెండు రోజులు అవతలి పక్క నుంచే వెళ్ళాను. కాళ్ళు అటే లాగాయి. నిన్న రోడ్డు దాటాను.

ఆవిడ కట్టలు సర్దుకుంటోంది. నేను గోనెపట్టా ముందు నిలబడ్డాను.  ఆఫీసు బట్టలు, చంకలో గొడుగు, చేతిలో అన్నం డబ్బా. నిలబడి మాట్లాడే మాట కాదని తోచింది. ఆ డబ్బా పక్కన పెట్టి, ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాను. "నీ మీద అబద్ధం రాశాను సన్యాసమ్మా. నువ్వు కొయ్యలేదని తెలిసీ రాశాను" అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ చూశారు. చూడనీ అనుకున్నాను.

 ఆవిడ కట్టలో వెతకలేదు అక్కా. పట్టా అంచు కింద విడిగా పెట్టి ఉన్న పుల్ల తీసింది. రెండు వైపులా తిప్పి చూసి, చీరకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. ఎప్పుడూ అనే "మర్నాటికి బాబూ" అనలేదు.

"ఇక్కడే నమలండి, నాను సూత్తాను" అంది. "నమిలి సూడండి బాబూ. పురుగు నేదు."

నీ తమ్ముడు,
శంకరం